నేనూ చూశాను

ఇన్నేళ్ళుగా నేను లోపల పెట్టుకుని తిరుగుతున్నది పోలీసులు పట్టుకునే నేరం కాదు. కోర్టులో నిలబెట్టేదీ కాదు. ఒక్క మాట. "లేదు" అన్నాను. అనకూడని చోట అన్నాను, అదీ రెండుసార్లు. మొదటిసారి అందరి ముందూ అన్నాను. రెండోసారి, అడిగిన మనిషి నా ముఖంలోకి చూస్తూ నిలబడి ఉండగా, పక్కన ఇంకెవరూ లేనప్పుడు అన్నాను. మొదటిది తలుచుకుంటే సిగ్గేస్తుంది. రెండోది తలుచుకుంటే తింటున్న అన్నం దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ఆ రెండోదే బరువు.

మీరెవరో నాకు తెలీదు. అందుకే చెప్పగలుగుతున్నాను అనుకుంటాను. నా పేరు చెప్పను. యానాంలో నాకు టెంటు హౌసు ఉందని మాత్రం చెబుతాను. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు అద్దెకిచ్చే కొట్టు. అలాంటి కొట్లు ఊళ్ళో ఇంకా ఉన్నాయి కాబట్టి మీరు నన్ను పోల్చుకోలేరు. పోల్చుకున్నా ఇప్పుడు ఫర్వాలేదనిపిస్తోంది.

మాది అసలు యానాం కాదు. రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఇక్కడికి వచ్చి కొట్టు పెట్టాను. అప్పట్లో చుట్టుపక్కల రొయ్యల చెరువులవాళ్ళ చేతిలో డబ్బు ఆడుతోంది, పెళ్ళిళ్ళు ఘనంగా చేస్తున్నారు. బయటి ఊరివాడికి పని దొరకడం కష్టం కాలేదు. కలిసిపోవడం కష్టమైంది. పొలిమేర దాటితే మా చుట్టాలే, మాట్లాడేదీ అదే భాష. అయినా టీ కొట్టు దగ్గర నిలబడితే నేను పక్క ఊరివాడినే. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో నాకే సరిగ్గా తెలీదు. నా తప్పుకి ఒక కారణం తయారు చేసుకుంటున్నానేమో. చూద్దాం.

కొట్టు పెట్టిన మరుసటేడు పెళ్ళయింది. మా ఆవిడ పేరు సత్యవేణి. వాళ్ళది జగ్గంపేట అవతల మెట్ట ప్రాంతం. బోరు నీళ్ళు, జీడిమామిడి తోటలు, ఎర్రమట్టి. పెళ్ళయ్యేదాకా తను సముద్రం చూడలేదు. యానాం వచ్చిన మొదటి వారం రోజూ సాయంత్రం గోదావరి గట్టు మీదికి తీసుకెళ్ళమనేది. నీళ్ళు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఎందుకున్నాయని అడిగింది. సముద్రం పోటు ఇంతదూరం వస్తుందని చెబితే, గుప్పెట్లో నీళ్ళు తీసుకుని నాలిక మీద వేసుకుని చూసింది. ఉప్పగానే ఉన్నాయంది. నిజానికి నాకు తెలీదు. నేనెప్పుడూ రుచి చూడలేదు.

అలాంటి మనిషి. ఇంటర్లో సైన్సు చదివింది. యానాంలోనే మెట్టకూరులో ఒక చిన్న బడిలో టీచరుగా చేరింది, చిన్న తరగతులకి. దారిలో ఏం కనబడితే అది పిల్లలకి పాఠం అయిపోయేది. ఇంటికొచ్చాక నాకూ పాఠమే. "ఏవండీ, చూడండి" అన్నది తన మాట. కొంగ ఒంటికాలి మీద నిలబడితే "చూడండి." పడవ తెరచాప మీద చీరల అంచులు కుట్టి ఉంటే "చూడండి." నేను కొట్టు లెక్కల్లో ఉండి తల ఎత్తకపోతే, వచ్చి గడ్డం పట్టుకుని అటు తిప్పేది.

కొత్తలో అది నాకు ముద్దుగా ఉండేది. ఆ తర్వాత ఏమైంది? చిరాకు అనలేను. నేను ఎప్పుడూ రెండోవాడినే అయ్యేవాడిని, అంతే. తను చూశాక నేను చూసేవాడిని. ఇంత చిన్న సంగతి ఒక మగవాడి మనసులో ముల్లులా దిగబడుతుందా అని మీరు నవ్వొచ్చు. నేనూ నవ్వుకున్నాను చాలాసార్లు. కానీ ముల్లు ఉంది.

ఆ చలికాలం భాస్కర్రావు గారు మడ అడవిలోకి పోదామన్నారు. ఆయనకి కనకాలపేట వైపు చెరువులుండేవి. ఊళ్ళో నలుగురూ వినే మనిషి. నాకు మంచి బేరాలన్నీ ఆయన ద్వారానే వచ్చేవి. పొద్దున్నే మోటారు పడవలో బయల్దేరి, మడ చెట్ల మధ్య చెక్క బాట మీద నడిచి, మధ్యాహ్నానికి పాయ సముద్రంలో కలిసేచోట ఇసుక దిబ్బ మీద దిగి, గాలాలేసి చేపలు పట్టి, రాత్రికి అక్కడే గుడారాల్లో పడుకుని మర్నాడు తిరిగి రావడం. ఆడవాళ్ళూ రావాలన్నారు. ఆయనా, ఆయన భార్య రమణమ్మ గారూ, నా స్నేహితుడు సూర్యం, వాడి భార్యా కూతురూ, మేమిద్దరం. గుడారాలు నా వంతు. నా దగ్గర అసలు గుడారాలెక్కడివి? షామియానా పక్క తెరలు తీసుకుని, వెదురు గెడలు కట్టి, పెళ్ళి పందిరి రంగుల్లో రెండు గుడారాలు తయారు చేశాను. అడవిలో ఆ ఎర్రా పసుపూ చూసి అందరూ నవ్వారు. నాకు చాలా ఆనందంగా ఉంది ఆ రోజు. పెద్దమనుషులతో కలిసి పోతున్నాను. వాళ్ళు నన్ను పిలిచారు.

సత్య ఆనందం వేరు. చెక్క బాట మీద మిగతావాళ్ళు గబగబా నడిచేస్తుంటే తను అడుగడుక్కీ ఆగిపోయింది. బురదలోంచి పైకి మేకుల్లా పొడుచుకొచ్చిన వేళ్ళు చూసి, ఇవి కిందికి పోవాలిగానీ పైకెందుకు వస్తున్నాయంది. గాలి కోసమని పడవ నడిపే ఆయన చెప్పాడు. వంగి ఒకదాన్ని వేలితో తాకింది. ఒక డెక్క పెద్దదీ ఒకటి చిన్నదీ ఉన్న ఎర్ర పీతలు, బురద మీద గెంతే చిన్న చేపలు. సూర్యం కూతుర్ని పక్కన కూచోబెట్టుకుని, చేప బురద మీద బతకడమేంటో చూద్దాం అంటూ అక్కడే ఉండిపోయింది. రమణమ్మ గారు వెనక్కి తిరిగి, మీ ఆవిడని పీతలకిచ్చి వచ్చేశావా అన్నారు నాతో. అందరితోపాటు నేనూ నవ్వాను.

మధ్యాహ్నం ఇసుక దిబ్బ మీద దిగాం. గుడారాలు వేశాం. గాలానికి రొయ్య ఎర గుచ్చి పాయ సముద్రంలో కలిసే మొగలో వేశాం. భాస్కర్రావు గారికి మంచి పండుగప్ప పడింది. నాకేం పడలేదు. సాయంత్రం నాలుగు దాటాక నీళ్ళు తీసేశాయి, పాయ సన్నబడిపోయింది, రెండు వైపులా నున్నటి బురద బయటపడింది. వాళ్ళు చేప బాగుచేస్తూ పొయ్యి రాజేస్తున్నారు. సత్య నడుద్దామంది. పాయ ఒడ్డు పట్టుకుని మడ చెట్ల దాకా వెళ్ళాం. ఎండ ఏటవాలుగా పడుతోంది.

ఇప్పుడు చెప్పబోయేది నేను ఎవరికీ చెప్పనిది. జాగ్రత్తగా చెబుతాను.

ముందు చూసింది నేను.

సత్య కింద ఏవో గుల్లలు ఏరుతోంది. నేను ఊరికే అవతలి ఒడ్డు వైపు చూస్తున్నాను. చెట్ల వేళ్ళ మధ్య ఒక మట్టి గడ్డలాంటిది కనిపించింది. తర్వాత ఆ గడ్డకి చెవులున్నాయని తెలిసింది. చిన్న గుండ్రటి చెవులు. పిల్లి. కానీ మన ఇళ్ళల్లో పిల్లి కాదు. ఊరకుక్కకి కాస్త తక్కువుంటుందేమో, బలమైన మెడ, పొట్టి తోక. ఒళ్ళంతా బూడిద రంగు, దాని మీద నల్ల చుక్కలు వరసలుగా. నీళ్ళ అంచున కూచుని నీళ్ళలోకే చూస్తోంది. మెల్లిగా ముందుకాలు చాపి నీటి మీద తట్టింది. ఎవరో తలుపు తట్టినంత మెత్తగా. ఆగింది. మళ్ళీ తట్టింది.

నేను సత్యని పిలవలేదు.

ఎందుకు పిలవలేదు? అది పారిపోతుందని అనుకున్నానా? ఆ మాట తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, కానీ అప్పుడు నా మనసులో ఆ ఆలోచన లేదు. ఉన్నదేంటో నాకు బాగా తెలుసు. ఇది నాది అనుకున్నాను. మొదటిసారి నేను ముందు చూశాను, ఎవరూ నా గడ్డం పట్టి తిప్పకుండా నేనే చూశాను, ఇంకాసేపు నేనొక్కడినే చూస్తాను అనుకున్నాను. కాసేపటి తర్వాత చెప్పేవాడినేమో. చెప్పేవాడిననే నా నమ్మకం. కానీ అంతలో సత్య తలెత్తింది, అది మళ్ళీ నీటి మీద తట్టింది.

నా మోచెయ్యి పట్టుకుంది. గుసగుసగా, "ఏవండీ, చూడండి" అంది. ఆ క్షణంలోనే అది తలతో సహా నీళ్ళలోకి దూకి, నోట్లో తళతళలాడే చేపతో లేచింది. మా వైపు ఒక్కసారి చూసింది. నీళ్ళు విదిలించుకుని వేళ్ళ మధ్యకి వెళ్ళిపోయింది. సత్య దాన్నే చూస్తోందిగానీ నన్ను చూడలేదు. కాబట్టి నా కళ్ళు ఎటున్నాయో తనకి తెలిసే వీల్లేదు. నా చేతిలోంచి ఏదో లాగేసుకున్నట్టు ఉంది నాకు. తను అప్పటికే గుడారాల వైపు పరుగెడుతోంది.

నేను చేరేసరికి సగం చెప్పేసింది. ఎంత బాగా చెప్పిందో. అది నీటి మీద ఎలా తట్టిందో తన చెయ్యి చాపి చూపించింది. చుక్కలు ఎలా ఉన్నాయో ఇసుక మీద వేలితో పెట్టింది. నేను చూసినదాన్నే చెబుతోంది, నేను చూసినదానికంటే బాగా. సూర్యం కూతురు నోరు తెరుచుకుని వింటోంది.

భాస్కర్రావు గారు చేప పొలుసు గీకుతూ తల ఎత్తకుండానే, కుక్క అయ్యుంటుందమ్మా అన్నారు. కాదంది. అయితే నీటికుక్క, అవి గుంపులుగా తిరుగుతాయి ఇక్కడ అన్నారు. నీటికుక్కకి చుక్కలుండవు కదండీ అంది సత్య. ఎదురు చెప్పాలని కాదు, తను అలాగే మాట్లాడుతుంది. కానీ రమణమ్మ గారు భర్త ముఖం వైపు చూశారు. బుద్ధెరిగినప్పట్నుంచీ ఈ పాయల్లో తిరుగుతున్నాననీ, ఇలాంటి పిల్లులు ఎప్పుడో తాతలనాడు ఉండేవని విన్నాననీ, ఇప్పుడు ఒక్కటి కూడా లేదనీ ఆయన నెమ్మదిగానే చెప్పారు. రమణమ్మ గారు, మెట్ట నుంచి వచ్చిన పిల్లకి పీత కూడా పులిలాగే కనబడుతుంది అన్నారు. నవ్వులు. అప్పుడు భాస్కర్రావు గారు నా వైపు తిరిగారు.

"నువ్వూ పక్కనే ఉన్నావు కదయ్యా. చూశావా?"

సత్య నా వైపు చూసింది. తన ముఖంలో భయం లేదు. నేను ఏం చెబుతానో తనకి తెలుసు. అంత ధీమాగా చూసింది.

"లేదండీ. నాకేం కనపడలేదు" అన్నాను.

అంతే. ఆయన మళ్ళీ పొలుసు గీకడంలో పడ్డారు. ఎండలో నీళ్ళు అలాగే మెరుస్తాయిలే అని ఎవరో అన్నారు. పొయ్యి రాజుకుంది. పండుగప్ప పులుసు చాలా బాగుందని ఆ రాత్రి అందరూ అన్నారు, నేనూ అన్నాను.

మర్నాడు పొద్దున గుడారాలు విప్పుతున్నాం. తెరకి ఆ కొస తనూ ఈ కొస నేనూ పట్టుకుని మడతపెడుతున్నాం. మిగతావాళ్ళు పడవ దగ్గర ఉన్నారు. మడత దగ్గరికి రావాలి కదా, తను నా ముందుకి వచ్చి ఆగింది.

"మీరు నిజంగా చూడలేదా?"

"లేదు సత్యా."

"అది మనవైపు చూసింది కదండీ."

"అప్పుడు నాకు ఎండ కళ్ళలో పడింది. నాకేం తెలీదు."

తన ముఖంలో కోపం లేదు. ఒక లెక్క రెండుసార్లు వేసి, రెండోసారి వేరే జవాబు వచ్చినవాళ్ళు ఎలా చూస్తారో అలా చూసింది. తర్వాత నా చేతిలో కొస తీసుకుని మడత పూర్తి చేసింది.

అక్కడ చెప్పి ఉండొచ్చు. నన్ను ఎవరూ వినడం లేదు, ఏ భాస్కర్రావు గారూ లేరు, పోయే బేరమూ లేదు. ఆయన దగ్గర మంచి అనిపించుకోవడానికే ముందురోజు అలా అన్నానని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. మరి ఆ పొద్దున ఎవరి కోసం అన్నాను? అబద్ధం ఒకసారి ఆడాక దానికి కట్టుబడి ఉండాలనా? లేక, ఒక్కసారైనా తను చూసింది నిజం కాకుండా పోవాలని నాకు ఉందా? ఈ ప్రశ్నని అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నాను, ఏదో వింత వస్తువు దొరికినట్టు. ఒక్కోసారి ఒక్కో వైపు కనబడుతుంది. మొత్తం ఎప్పుడూ కనబడదు.

తర్వాత జరిగినవి చిన్న చిన్నవే. ఏ పెళ్ళిలో కనబడినా భాస్కర్రావు గారు, పిల్లి బాగుందా అమ్మా అని పలకరించేవారు. చెడ్డ ఉద్దేశంతో కాదు. సత్య నవ్వేది. సూర్యం కూతురు చదివేది సత్య బడిలోనే. పిల్లలకి ముందే కథ తెలిసిపోయింది, టీచర్, ఆ పిల్లి గురించి చెప్పండి అని అడిగేవారు. తను చెప్పేది. తర్వాత ఎవరో తల్లి వచ్చి, లేనిపోనివి చెబుతున్నారట పిల్లలకి అని నవ్వుతూ అందట. ఆ మర్నాడు సత్య తరగతిలో నిలబడి, పిల్లి సంగతి నేను పొరబడ్డాను, ఎండలో నాకు అలా అనిపించింది, మీరు అది మర్చిపోండి అని చెప్పింది. ఇంటికొచ్చి నాకూ మామూలుగా చెప్పింది ఈ మాట. తప్పు చెబితే దిద్దాలి కదండీ, వాళ్ళు చిన్నపిల్లలు అంది. నేను టీ తాగుతున్నాను. తాగడం పూర్తిచేశాను.

ఆ తర్వాత తను పుస్తకంలో ఉన్నదే చెప్పడం మొదలుపెట్టింది. "చూడండి" అనడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. ఒకరోజు కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తూ, "వాన పడుతోందాండీ?" అని అడిగింది. వాన పడుతూనే ఉంది. చప్పుడు కూడా వినబడుతోంది. పడుతోందన్నాను. అయితే బట్టలు తీసుకొస్తానంటూ వెళ్ళింది. అప్పుడు తెలిసింది నాకు. తన కళ్ళతో చూసింది నా నోట విన్నాకగానీ నమ్మడం లేదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఇది చెప్పడం అన్నిటికంటే కష్టం. అది నాకు నచ్చింది. తను నన్ను అడిగి తెలుసుకోవడం, నా మాట మీద ఆధారపడటం, కొన్నాళ్ళు నాకు హాయిగా ఉంది. ఇంట్లో నేను పెద్దవాడినైనట్టు ఉంది. మీరు నన్ను ఏమనుకున్నా అనుకోండి.

కొన్నేళ్ళు గడిచాయి. ఒక వేసవిలో సత్య నాకు టీ పోస్తూ గ్లాసు పక్కన పోసింది. చెయ్యి జారిందనుకున్నాను. మర్నాడు గుమ్మానికి కుడి భుజం కొట్టుకుంది. ఏమైందంటే ఏం లేదంది. మూడోసారి గట్టిగా అడిగితే, కుడికంటి ముందు నల్ల తెరలాంటిది దిగినట్టుందని చెప్పింది. ఆ రోజే కాకినాడ తీసుకెళ్ళాను. కంటి డాక్టరు లైటు వేసి చాలాసేపు చూశాడు. కంటి లోపలి పొర ఊడిపోయిందన్నాడు. ఇది ఒక్కసారిగా జరగదు, ముందు మెరుపుల్లాగానో, నల్ల చుక్కలు ఈగల్లా తిరుగుతున్నట్టో కనబడి ఉంటాయే అన్నాడు. అవునండీ, నెల దాటింది అంది సత్య. మొదట్లోనే వచ్చుంటే చాలావరకు కాపాడేవాళ్ళం, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాడు.

"నాకు అలా లేనివి కనపడతాయండీ. అలాంటిదే అనుకున్నాను."

మామూలుగా అంది. పక్కన స్టూలు మీద నేను కూచుని ఉన్నాను. నన్ను ఉద్దేశించి అన్నది కాదు. తన గురించి తనకి తెలిసిన ఒక సంగతి డాక్టరుకి చెప్పింది, ఫలానా మందు పడదని చెప్పినట్టు. ఆయన తల ఊపి ఏదో రాసుకున్నాడు.

ఆపరేషన్ చేశారు. చూపు రాలేదు. ఆ కంటికి ఇప్పుడు వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. ఎడమ కన్ను బాగానే ఉంది.

ఆ గదిలోనైనా చెప్పొచ్చు కదా అంటారా? బస్సులో తిరిగి వస్తున్నప్పుడు తను నా భుజం మీద తల పెట్టుకుంది. కట్టు కట్టిన కన్ను నా వైపే ఉంది. చెప్పాలని నోరు తెరిచాను. ఒక పిల్లి గురించి ఆడిన అబద్ధమైతే చెప్పేవాడిని. ఇప్పుడది పిల్లి గురించి కాదు. నా మాట వల్లే తన కన్ను పోయిందని ఒప్పుకోవడం. ఆ పొర నా వల్ల ఊడలేదు, నిజమే. కానీ ఆ నెలరోజుల మౌనం నాది. ఆలస్యమైన కొద్దీ అబద్ధానికి ఒళ్ళు వస్తుంది, చివరికి అది గుమ్మంలో పట్టనంత అవుతుంది. అలా ఇంకా చాలా ఏళ్ళు ఊరుకున్నాను.

ఈ మధ్య ఒకరోజు పేపర్లో వచ్చింది. మడ అడవిలో చెట్లకి కెమెరాలు కట్టి, నీళ్ళలో చేపలు పట్టే అడవి పిల్లుల ఫోటోలు తీశారని. ఫోటో వేశారు. అదే. ఆ చెవులు, ఆ చుక్కలు. సత్య పేపరు ఎడమకంటి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఉన్నాయటండీ" అంది. "అప్పుడు నేను చూసింది ఇదే అయ్యుండొచ్చా" అని అనలేదు. నన్ను ఏమీ అడగలేదు కూడా. పేపరు మడిచి ఎప్పటి చోటే పెట్టింది. అడిగి ఉంటే నేను తట్టుకునేవాడిని. అడగకపోవడం తట్టుకోలేకపోయాను.

ఆదివారం మధ్యాహ్నం పెరట్లో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. నేను ఎదురుగా గట్టు మీద కూచున్నాను. కొత్తగా నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. "ఆ పిల్లిని నేనూ చూశాను సత్యా. నీకంటే ముందే చూశాను. రెండుసార్లూ అబద్ధం చెప్పాను."

తన చేతులు ఆగలేదు. ఒక రొయ్య ఒలిచి గిన్నెలో వేసింది, ఇంకోటి తీసుకుంది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. అన్నిటికీ సిద్ధపడే కూచున్నాను. కాసేపటికి ఒక ప్రశ్న అడిగింది. మీరు చూసేసరికి అది కూచుని ఉందా, నడుస్తోందా అని. కూచునే ఉందన్నాను. నీటి మీద ఎన్నిసార్లు తట్టిందని అడిగింది. నేను చూస్తుండగా రెండు మూడుసార్లు. తోక నీళ్ళకి తగులుతోందా? లేదు, పక్కకి తిప్పి ఉంది. చేపని మొదట కాలితో పట్టిందా నోటితోనా? నోటితో. ఇలా అడుగుతూనే ఉంది. నా తప్పు గురించి ఒక్కటీ అడగలేదు. ఎన్నేళ్ళ తర్వాతో మళ్ళీ ఆ గొంతు విన్నాను నేను, గుప్పెట్లో గోదావరి నీళ్ళు రుచి చూసినప్పటి గొంతు. విని సంతోషించబోయాను. అంతలోనే, ఆ సంతోషం నాది కాదని తెలిసింది.

చివర్లో, వెనకాల వేళ్ళ సందులో ఇంకోటి ఉంది కదా, చిన్నది, చూశారా అని అడిగింది. "దాని పిల్ల అయ్యుంటుంది. నేను అప్పుడు ఎవరికీ చెప్పలేదు, పెద్దదాన్నే నమ్మలేదు కదా" అంది.

నేను చూడలేదు. నిజంగా చూడలేదు. ఆ మాటే చెప్పాను.

అప్పుడు చేతులు ఆపి నా వైపు చూసింది, ఎడమకంటితో, తల కాస్త తిప్పి. నమ్మిందో లేదో నాకు తెలీదు. నన్ను ఎలా నమ్మాలో తనకీ తెలిసి ఉండదు. లేచి చేతులు కడుక్కుని, గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ రాత్రి రొయ్యల కూర వండింది, ఇద్దరం తిన్నాం. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. క్షమించానని అనలేదు. క్షమించనని కూడా అనలేదు. కన్ను గురించి ఒక్క మాటా మాట్లాడలేదు, నేనూ ఎత్తలేకపోయాను. నా అబద్ధానికీ ఆ కంటికీ ఉన్న సంబంధం తనకి ఎప్పుడో తట్టే ఉంటుంది, లేదా ఏ పనిలోనో ఉండగా తడుతుంది.

పోయిన నెల మడ అడవికి వెళ్ళొస్తానంది. నేను ఆటో మాట్లాడతాను, కొట్టు మూసేస్తానన్నాను. వద్దు, బడిలో టీచర్లు ఇద్దరు వస్తున్నారు, వాళ్ళతో వెళతానంది. సౌమ్యంగానే అంది. పొద్దున్నే గొడుగూ నీళ్ళ సీసా తీసుకుని వెళ్ళింది. నేను కొట్లో కూచున్నాను. ఒక పెళ్ళివాళ్ళు వచ్చి కుర్చీల సంఖ్య చెబుతుంటే రెండుసార్లు తప్పు విన్నాను.

చీకటి పడుతుండగా వచ్చింది. చీర కుచ్చిళ్ళకి ఎండిన బురద. ముఖం ఎండకి కమిలి ఉంది. కాళ్ళు కడుక్కుని, అన్నం పెట్టి, తను తిని, అలిసిపోయానంటూ పడుకుంది. ఏం చూసిందో చెప్పలేదు. నేను అడగలేదు. ఎన్నో ఏళ్ళు రోజూ నాకు చూపించాలని నా గడ్డం పట్టుకుని తిప్పిన మనిషి. ఇప్పుడు తను చూసింది తన దగ్గరే ఉంది. బహుశా అక్కడే ఉండాలి.

నాకు మాత్రం తెలుసుకోవాలని ఉంది. చాలా ఉంది. రోజూ పొద్దున టీ దగ్గర ఆ ప్రశ్న నోటిదాకా వస్తుంది, మింగేస్తాను. ఇదీ ఒక బరువేగానీ వేరే రకం. దీంతో నిద్ర పడుతోంది. చెప్పాల్సింది తనకి చెప్పాను, ఇప్పుడు మీకూ చెప్పాను. ఆ పాయ అవతలి ఒడ్డున, చెట్ల వేళ్ళ మధ్య, అది ఉంది. నేను చూశాను.